కొల్లేటి చాంతాడు

కొల్లేరు ఎంత పెద్దది?

ఈ చిన్న ప్రశ్నకు అధికారిక కాగితాల్లోనే రెండు జవాబులున్నాయి. 1999లో రాష్ట్ర ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కిన కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. ఎవరి లెక్కా తప్పు కాదు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా నీరు నిలిస్తే పరుచుకునే సరస్సు మొదటిది. పదడుగుల దాకా నిలిస్తే పరుచుకునేది రెండోది. అదే నీరు మూడడుగుల గీత దగ్గర ఆగిపోతే సరస్సు 135 చదరపు కిలోమీటర్లకు ముడుచుకుపోతుంది.

అక్కడి నేల అంత చదును. ఒక పక్క కృష్ణ, మరో పక్క గోదావరి వేల ఏళ్ళుగా ఒండ్రు మోసుకొచ్చి డెల్టాలు కట్టుకుంటూ పోతే, నడుమ పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. అంచులేని పళ్ళెంలో నీళ్ళు పోసినట్టుంటుంది వ్యవహారం. ఇక్కడ రెండడుగుల తేడా అంటే మనిషి మోకాలి లోతు, విస్తీర్ణంలో చూస్తే సరస్సు సగానికి సగం కంటే ఎక్కువ. పాతికేళ్ళుగా కొల్లేటి మీద జరుగుతున్న తగవంతా ఈ మోకాలి లోతు మీదే.

ఎంతకీ తెగని వ్యవహారాన్ని తెలుగువాళ్ళు కొల్లేటి చాంతాడు అంటారు. సంసారం గుల్లయిపోతే కొంప కొల్లేరయిందంటారు. ఒకే సరస్సు పేరు మీద ఇన్ని మాటలు పుట్టించుకున్నాం గానీ, ఆ సరస్సులో నీరెంత, ఉప్పెంత, ఊపిరి ఎంత, ఏ ప్రాణి పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అన్న లెక్కను ఏటికేడు వరస తప్పకుండా రాసుకోవడం మీద మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు. గీత ఎక్కడ గీయాలన్న దాని మీద జరిగినంత చర్చ, గీత లోపల ఏం బతుకుతోందన్న దాని మీద జరగలేదు.

మంచినీటి సరస్సులను పట్టించుకోవాల్సిన కారణం లెక్కల్లోనే ఉంది. భూమి ఉపరితలంలో నదులు, సరస్సులు, చిత్తడి నేలలు ఆక్రమించే మంచినీటి జాగా ఒక శాతం లోపే. మనిషికి తెలిసిన జీవజాతుల్లో దాదాపు పదో వంతు ఆ కాస్త జాగాలోనే బతుకుతున్నాయి. చేప జాతుల్లో సుమారు సగం అక్కడివే. ప్రపంచ వన్యప్రాణి నిధి 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, పరిశీలనలో ఉన్న మంచినీటి వెన్నెముక గల జీవుల గుంపుల పరిమాణం 1970 నుంచి 2020 మధ్య సగటున 85 శాతం తగ్గింది. నేల మీది జీవుల తగ్గుదల కన్నా, సముద్ర జీవుల తగ్గుదల కన్నా ఇది ఎక్కువ. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. నూటికి ఎనభై అయిదు జీవులు చచ్చిపోయాయని దీని అర్థం కాదు. లెక్కలో ఉన్న ఒక్కో గుంపు ఎంత తగ్గిందో చూసి తీసిన సగటు అది. ‘పరిశీలనలో ఉన్న’ అన్న మాటను కూడా దాటేసి పోకూడదు. ఎవరూ లెక్కపెట్టని సరస్సులోని చేప ఈ సగటులోకి రానే రాదు.

కొల్లేరులోకి నీరు తెచ్చేవి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి వాగులు, వాటితో పాటు డెల్టా పొలాల నుంచి దిగే మురుగు కాలువలు. ఇవన్నీ కలిసి సుమారు 4,700 చదరపు కిలోమీటర్ల నేల మీద పడిన వానను తెచ్చి ఈ పళ్ళెంలో పోస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ బంగాళాఖాతంలో కలిసే ఉప్పుటేరు. లోపలికి దారులు అనేకం, బయటికి ఒక్కటే. అందుకే వరదొచ్చినప్పుడు నీరు కొల్లేటిలో పరుచుకుని, మెల్లమెల్లగా కిందికి దిగాలి. ఆ పరుచుకునే చోటే లేకపోతే నీరు వెనక్కి తన్నుతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు గట్లు తెగి విజయవాడలోని సింగ్‌నగర్ వైపు వేల ఇళ్ళు మునిగినప్పుడు, అంతవరకు బుడమేరు పేరు కూడా పట్టించుకోనివారు ఈ వాగు ఎక్కడికి పోతుందని వెతికారు. అది పోయేది కొల్లేటికే.

ఉప్పుటేరు పేరులోనే దాని గుణం ఉంది. కొల్లేటిలో మట్టం బాగా ఉన్నంతకాలం మంచినీరు సముద్రం వైపు తోసుకుంటూ పోతుంది. వేసవిలో సరస్సు అడుగంటితే దారి తిరగబడుతుంది, పోటు నీరు ఏరు వెంట పైకి ఎగదన్నుతుంది. అంచేత కొల్లేటి నీటి మట్టమన్నది వరద లెక్క మాత్రమే కాదు, ఉప్పు లెక్క కూడా. మట్టాన్ని, లవణాన్ని పక్కపక్కనే పెట్టి రోజువారీగా చూస్తే తప్ప ఏ వారంలో సముద్రం సరస్సులోకి అడుగుపెట్టిందో తెలియదు. తెలిసేసరికి మంచినీటి మొక్కలు మాడిపోయి ఉంటాయి.

ఇక మోకాలి లోతు తగవు. లంక గ్రామాల్లో తరతరాలుగా ఉన్నది చేపలు పట్టి బతికే వడ్డీలు. తాటి దోనె, గెడ, వల, మావులు వాళ్ళ సరంజామా. 1970ల మధ్యలో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలను ప్రోత్సహించి సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. చెరువుల్లో డబ్బుందని తేలాక ఊరి బయటి పెట్టుబడి దిగింది, లీజులొచ్చాయి, గట్లు లేచాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు భారతీయ ఉపగ్రహం తీసిన చిత్రాలను విశ్లేషించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో సరస్సు జాగాలో సుమారు 42 శాతం చేపల చెరువులే ఆక్రమించాయని తేలింది. వరి పొలాలు పోను మిగిలిన దానిలోనూ కలుపు అల్లుకోని తేట నీరు దాదాపు లేదు. ఆ అధ్యయనం పేరులోనే కొల్లేరు మాయమైపోతోందని రాశారు. శాస్త్ర పత్రికల్లో అంత సూటి శీర్షికలు అరుదు.

సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సు మేరకు 2006లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. అయిదో కాంటూరు, అంటే అయిదడుగుల గీత, లోపలి చెరువు గట్లను యంత్రాలు పెట్టి తెంచేశారు. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని తీర్మానం చేసింది. కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ, కోయంబత్తూరు సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన పి.ఎ. అజీజ్ నాయకత్వంలో, ఊళ్ళు తిరిగి, జనం మాటలు విని, 2011లో అయిదో కాంటూరునే ఉంచాలని చెప్పింది. గీత లోపల పట్టా భూములున్నవారి గోడు నిజమైనదే. దినకూలీకి వలలు లాగే లంకవాసి గోడూ నిజమే. తెంచిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయన్నదీ అంతే నిజం. ఈ తగవు హైదరాబాదు వాళ్ళకు కొత్తగా అనిపించదు. చెరువు ఎఫ్‌టీఎల్, అంటే నిండు నీటి మట్టం, ఎక్కడిదాకా అన్న ఒక్క ప్రశ్న మీద అక్కడ ఎన్ని ఇళ్ళు నిలిచాయో, ఎన్ని కూలాయో వాళ్ళకు తెలుసు. నీటికి హద్దురాయి పాతడం ఎక్కడైనా కష్టమే. ఏడాదికి ఒకసారి అది రాయిని దాటి వస్తుంది, ఒకసారి రాయికి దూరంగా జరుగుతుంది.

హద్దు సంగతి అలా ఉంచి, నీటి సంగతి చూద్దాం. సరస్సు ఆరోగ్యాన్ని కొలిచే పరికరాల్లో ఇప్పటికీ అన్నిటికన్నా చవకైనది ఒక చాంతాడు, దాని చివర ఒక పళ్ళెం. 1865లో పోపు నౌకాదళానికి సముద్రపు నీరు ఎంత తేటగా ఉందో తెలుసుకోవలసి వచ్చింది. ఆంజెలో సెక్కి అనే మతాచార్యుడు, ఆయన ఖగోళ శాస్త్రవేత్త కూడా, ఇటలీ తీరంలో ఓడ మీది నుంచి తెల్ల పళ్ళేలను నీళ్ళలోకి దించి, అవి కంటికి కనిపించకుండా పోయే లోతును రాసుకున్నాడు. తర్వాత ఆ పళ్ళేన్ని చిన్నది చేసి, నలుపు తెలుపు పావులుగా రంగు వేశారు. పళ్ళెం మాయమైన లోతు తగ్గుతూ వస్తోందంటే నీటిలో నాచో బురదో పెరుగుతోందన్నమాట. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. బడిపిల్లలు కూడా చేయగలరు. అమెరికాలో 1994 నుంచి మామూలు జనమే ఏటా తమ ఊరి సరస్సుల్లో ఈ పళ్ళెం దించి లోతులు పంపుతున్నారు.

కొల్లేటిలో ఈ పరికరానికి ఒక చిక్కుంది. చాలాచోట్ల నీరు మనిషి లోతు కూడా ఉండదు. నీరు తేటగా ఉంటే పళ్ళెం మాయమయ్యేలోపే అడుగు తగులుతుంది. పళ్ళెం దించడానికి ముందు గుర్రపుడెక్కను చేత్తో పక్కకు తొలగించాలన్నది ఇంకో చిక్కు.

గుర్రపుడెక్కది అమెజాన్ ప్రాంతం. ఊదారంగు పూలు చూసి ముచ్చటపడి తెచ్చుకున్న మొక్క ప్రపంచమంతా పాకింది. అనుకూలంగా ఉన్న నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. దీన్ని జేసీబీలతో ఎత్తించి ఒడ్డున పోస్తే పని అయిపోయినట్టు కనిపిస్తుంది, మళ్ళీ ఏడాదికి సరస్సు ఎప్పటిలాగే ఉంటుంది. ఎందుకలా? నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్, ఆయన సహచరులు దీనికి ఒక చక్కటి వివరణ ఇచ్చారు. లోతు తక్కువ సరస్సుకు రెండు స్థిరమైన స్థితులుంటాయి. ఒకటి, నీటి అడుగున పెరిగే మొక్కలదే పైచేయిగా ఉండే తేట సరస్సు. ఆ మొక్కలు నీటిలోని పోషకాలను పీల్చేసుకుని, పైన తేలే మొక్కలకు తిండి లేకుండా చేస్తాయి. రెండోది, తేలే మొక్కలదే రాజ్యమైన సరస్సు. అవి పైన కప్పేసి అడుగు మొక్కలకు వెలుతురు లేకుండా చేస్తాయి. ఎవరు ముందు కుదురుకుంటే వాళ్ళదే ఇల్లు. ఒకరిని మరొకరు ఊరికే గెంటలేరు. ఎరువులు, మురుగు కలిసి నీటిలో పోషకాలు ఒక హద్దు దాటితే మాత్రం తేలే మొక్కల పంట పండినట్టే. తర్వాత ఎంత తీసినా, పోషకాల రాకను బాగా తగ్గిస్తే తప్ప సరస్సు పాత స్థితికి తిరిగి రాదు.

కొల్లేటిలోకి ఆ పోషకాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. డెల్టా పొలాల యూరియా, ఏలూరు, గుడివాడ లాంటి పట్టణాల మురుగు, చేపల చెరువుల్లో వేసే తవుడు, కోళ్ళ పెంట. పట్టుబడి రోజున చెరువు నీటిని కాలువలోకి వదిలితే ఆ మేత మిగులంతా కిందికి పోతుంది. ఏ కాలువ నుంచి ఏ నెలలో ఎంత వస్తోందన్నదే తెలియాలి. అది తెలియకుండా గుర్రపుడెక్క మీద ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ కొల్లేటి చాంతాడే.

పైనుంచి చూసే కళ్ళు ఇక్కడ పనికొస్తాయి. నీరు పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. పచ్చని ఆకు దాన్ని బాగా తిప్పికొడుతుంది. అందుకే ఆ కాంతిలో తీసిన ఉపగ్రహ చిత్రాల్లో తేట నీరు నల్లగా, మొక్కలు ధగధగలాడుతూ కనిపిస్తాయి. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ చిత్రాలు, 1988 నుంచి మన ఐఆర్‌ఎస్ ఉపగ్రహాలు తీసినవి కలిపి పేర్చితే కొల్లేటి జీవితకథ ఒక బొమ్మల పుస్తకంలా తయారవుతుంది. అయితే ఈ కంటిని గుర్రపుడెక్క మోసం చేస్తుంది. నిండా కమ్మిన నీరు పై నుంచి చూస్తే వరి చేనులా ఉంటుంది. ఇంకా పెద్ద ఇబ్బంది మబ్బులది. కొల్లేరు నిండే కాలమే మబ్బుల కాలం. చూడాల్సిన నెలల్లోనే కెమెరా కళ్ళు మూసుకుంటుంది.

రాడార్ ఉపగ్రహాలు ఈ చిక్కును విప్పుతున్నాయి. అవి తామే తరంగాలను పంపి, తిరిగి వచ్చినవాటిని చదువుకుంటాయి కనుక మబ్బూ చీకటీ అడ్డు కావు. పొడవైన తరంగాలైతే ఆకుల మధ్య నుంచి కిందికి దిగి, కింద ఉన్నది నీరో నేలో కూడా పసిగడతాయి. 2025 జూలై 30న ఇస్రో, నాసా కలిసి పంపిన నిసార్‌లో అలాంటి రాడార్లు రెండున్నాయి. పన్నెండు రోజులకోసారి అదే చోటును మళ్ళీ చూస్తుంది. దాన్ని ప్రయోగించిన శ్రీహరికోట కూడా పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న దీవే. నీటిపక్షుల పక్క నుంచి లేచిన యంత్రం నీటి నేలల మీద కన్నేసి ఉంచడం బాగుంది.

ఉపగ్రహానికి అందనిది నీటి ఊపిరి. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు అయిదు మిల్లీగ్రాముల పైన ఉంటే చేపలకు సుఖం. రెండుకో మూడుకో పడిపోతే యాతన. దీన్ని రసాయనాలతో కొలిచే పద్ధతిని హంగేరీ శాస్త్రవేత్త వింక్లర్ 1888లో కనిపెట్టాడు. ఈ కొలతలో మెలిక ఏమిటంటే, ఎప్పుడు కొలిచామన్నది ఎంత కొలిచామన్న దాని కంటే ముఖ్యం. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, మధ్యాహ్నం చూస్తే నీరు భేషుగ్గా ఉంటుంది. రాత్రంతా అదే నాచు, చేపలతో పాటు, ఆక్సిజన్ పీల్చేస్తుంది. తెల్లవారుజాము నాలుగింటికి అసలు రంగు బయటపడుతుంది. ఆఫీసు వేళల్లో జీపులో వచ్చి సీసా నింపుకుని వెళితే, చచ్చిపోతున్న సరస్సుకు కూడా ఆరోగ్యంగా ఉందని ధ్రువపత్రం రాసి ఇవ్వొచ్చు.

ఈ సంగతి కైకలూరు చుట్టుపక్కల చేపల రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మబ్బు పట్టిన రాత్రి వాళ్ళు నిద్రపోరు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఏరియేటర్లు తిప్పాలి. నీటి రంగు చూస్తారు, పీహెచ్ చూస్తారు, అమ్మోనియా పరీక్ష చేయిస్తారు. పది ఎకరాల చెరువును అంత జాగ్రత్తగా చూసుకునే నేర్పు ఆ గట్ల మీద దండిగా ఉంది. గట్టుకు అవతల ఉన్న వేల ఎకరాల సరస్సు కోసం తెల్లవారుజామున లేచేవాళ్ళు ఎవరు? చెరువుకు యజమాని ఉన్నాడు, నష్టం ఆయన జేబుకే తగులుతుంది. సరస్సు చచ్చిపోతే నష్టం అందరికీ కొంచెం కొంచెం పంచుకుపోతుంది, అందుకే ఎవరికీ నిద్ర పాడవదు.

ఇప్పుడు గూడబాతుల దగ్గరికి వద్దాం. కొల్లేరు అంటే పత్రికల్లో వచ్చే బొమ్మ వాటిదే. ముక్కు కింద సంచీ వేలాడుతూ, ఆటపాక దగ్గర ఇనుప మంచెల మీద గుంపులుగా కూర్చునే పెద్ద బూడిదరంగు పక్షి. 1940ల్లో కేరళ పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామంలో వీటి గూళ్ళ కాలనీని కనిపెట్టి శాస్త్రలోకానికి చెప్పాడు. దక్షిణ భారతంలో గూడబాతుల మీద జరిగిన తొలి పరిశీలనల్లో అదొకటి. 1970లు ముగిసేలోపు ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. ఖాళీ అయిందని మనకెలా తెలుసు? అంతకుముందు ఒక మనిషి వెళ్ళి చూసి, రాసి, అచ్చువేశాడు కనుక. ఆయన వెళ్ళని ఊళ్ళలో ఎన్ని కాలనీలు వచ్చి పోయాయో ఎవరు చెప్పగలరు?

తర్వాతి కథ సంతోషంగానే ఉంది. అటవీశాఖ ఆటపాకలో నీటి మధ్య ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. చెట్లు చాలని చోట గూడబాతులు వాటి మీదే గూళ్ళు కట్టుకున్నాయి. వాటితో ఎర్రకాళ్ళ కొంగలూ చేరాయి. ఇవాళ ఆటపాక ప్రపంచంలో ఈ జాతికి ఉన్న పెద్ద స్థావరాల్లో ఒకటి. ఒకప్పుడు ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉన్న గూడబాతును 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కొంత తేలికైన వర్గంలోకి మార్చింది. దక్షిణ భారతంలోని ఊళ్ళు, అటవీశాఖలు గర్వపడాల్సిన సంగతే.

కానీ గూడబాతులు పెరిగాయి కాబట్టి కొల్లేరు బాగుపడిందని అనుకుంటే అక్కడే పప్పులో కాలేసినట్టు. గూడబాతుకు కావాల్సింది చేప. ఆ చేప సరస్సులోదా, గట్టు పక్క చెరువులోదా అన్న పట్టింపు దానికి లేదు. గూళ్ళకు మనం కట్టిన మంచెలు, తిండికి మనం పెంచిన బొచ్చెలు, శీలావతులు. రెండూ ఉంటే చుట్టూ సరస్సు ఎలా ఉన్నా అది పిల్లల్ని పెంచుకోగలదు. సరస్సు గతి చెప్పేవి వేరే ఉన్నాయి. కిక్కిస పొదల్లో, తామరాకుల మీద తిరిగే పిట్టలు, చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చి లోతు తక్కువ నీటిలో మేసే పరజలు, బురదను పొడుచుకుతినే కాలిపొడుగు పిట్టలు. చేపల్లోనైతే చెరువుల్లో పెద్దగా పెంచని మట్టగిడస, బొమ్మిడాయి, గొరక, ఇంగిలాయి. ఇవి ఫొటోలకు ఎక్కవు. అటవీశాఖ వార్షిక నివేదికకు ముఖచిత్రం కూడా కావు. సరస్సులో మంచినీటి చిత్తడి ఇంకా ఎంత మిగిలిందో తెలియాలంటే వీటి లెక్కే కావాలి. పురుగులు కూడా సాక్ష్యం చెబుతాయి. ఊపిరాడని బురదలో తట్టుకుని బతికే ఎర్ర పురుగులే ఎక్కువై, తూనీగ పిల్లలు కనిపించకుండా పోతే ఆ నీటి చరిత్ర ఏమిటో ల్యాబుకు పంపకుండానే చెప్పొచ్చు. ఆ పురుగుల ఎరుపు మన నెత్తుటిలో ఉన్న హిమోగ్లోబిన్‌దే. కరువులో ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకోవడానికి అవి పెట్టుకున్న ఏర్పాటు అది.

కంటికి కనిపించని చేపలను వెతకడానికి ఈ మధ్య ఒక కొత్త దారి దొరికింది. చేప ఈదిన చోట పొలుసు జిగురు, పెంట, చర్మపు కణాలు నీటిలో కలుస్తాయి. వాటిలో డీఎన్‌ఏ ఉంటుంది. ఒక లీటరు నీటిని వడకట్టి, ఆ డీఎన్‌ఏను పట్టి చదివితే వల వేయకుండానే అక్కడ ఎవరు తిరిగారో తెలిసిపోతుంది. 2008లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చెరువుల్లో చొరబడిన అమెరికా కప్పను ఈ పద్ధతిలో పట్టుకున్నారు. హైదరాబాదు సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల దీన్ని మన నీళ్ళకు తెచ్చింది. చిలికాలో దీనితో జీవవైవిధ్యాన్ని పరిశీలించింది. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం దుకాణాల మీదుగా వచ్చి, వలలు చీల్చేస్తున్న డెవిల్ ఫిష్‌ను తూర్పు కనుమల్లో పరీక్షించిన నీటి వనరుల్లో సుమారు 60 శాతం చోట్ల పసిగట్టింది. గాజు తొట్టె నాచు నాకడానికి సక్కర్ ఫిష్ పేరుతో కొన్న ఇదే చేప పెరిగి పెద్దదైతే దయతలచి చెరువులో వదిలే పుణ్యాత్ములు గుర్తుంచుకోవాల్సిన అంకె అది.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ఏదో ఒక జాతి ఉందని చెప్పినంత గట్టిగా, ఎన్ని ఉన్నాయో చెప్పలేదు. పైగా డీఎన్‌ఏ నీటితో పాటు ప్రయాణిస్తుంది. కొల్లేటిలో నీటి చుక్కలో శీలావతి దొరికితే అది సరస్సు చేపా, నిన్న చెరువు నీరు వదిలినప్పుడు కొట్టుకొచ్చిన ఆనవాలా అన్నది మళ్ళీ తేల్చుకోవాలి. ఇలాంటిచోట గెడ పట్టి పెరిగిన వడ్డీ ముసలాయన చెప్పే మాట ప్రయోగశాల కాగితానికి సరిపోల్చుకునే రెండో సాక్ష్యం. ఏ లంక దగ్గర కొర్రమీను పడటం మానేసింది, ఏ ఏడు ఉప్పు ఎక్కింది అన్నది ఆయన తలలో ఉంది. అది పుస్తకంలోకి ఎక్కించుకోకపోతే ఆయనతో పాటే పోతుంది.

వరసగా లెక్కలు రాసుకుంటే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూడొచ్చు. చిలికా ఉప్పు కయ్య, కొల్లేరుకు పూర్తి పోలిక కాదు. అయినా అక్కడ జరిగింది చెప్పుకోదగ్గది. సముద్ర ముఖద్వారం పూడుకుపోయి, లవణం తగ్గి, కలుపు కమ్మేయడంతో 1993లో చిలికాను రామ్‌సర్ ప్రమాద జాబితాలో చేర్చారు. దానికంటూ ఒక అభివృద్ధి సంస్థ అప్పటికే ఏర్పడి ఉంది. నీటి కదలికలు, ఉప్పు, ఒండ్రు కొలిచి, ఎక్కడ తవ్వాలో లెక్కగట్టి, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచారు. రెండేళ్ళకే ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. ఆసియాలో అలా బయటపడిన మొదటి సరస్సు అది. కొల్లేటికి కూడా ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న మాట ఏళ్ళుగా వినిపిస్తూనే ఉంది. ఎక్కడ, ఎంత ఎత్తు, ఏ నెలల్లో తలుపులు మూయాలి అన్నవి తేల్చేది మట్టం, ఉప్పు, చేపల రాకపోకల లెక్కలు. ఆ లెక్కలు లేకుండా కట్టిన రెగ్యులేటర్ మంచినీటిని ఆపుతుందో, గుడ్లు పెట్టడానికి ఏరు దాటే చేపలను ఆపుతుందో ముందే చెప్పలేం.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశంలో 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలలన్నిటినీ నేల మీదికి వెళ్ళి సరిచూడమని రాష్ట్రాలను ఆదేశించింది. ఉపగ్రహాలు గుర్తించినవి రెండు లక్షల ముప్ఫై వేల పైచిలుకు. వాటిలో మన ఊరి చెరువులు కూడా ఉన్నాయి. ఇంత పని ఒక్క శాఖ ఉద్యోగులతో అయ్యేది కాదు.

పక్షుల లెక్క విషయంలో ఇది ముందే తెలిసింది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. వలస పిట్టలు ఒకచోట కుదురుకుని ఉండే నెల అది. లెక్కపెట్టేది ఎక్కువగా స్వచ్ఛందంగా వచ్చే మామూలు మనుషులే. పెద్ద గుంపు ఎదురైతే ఒక్కొక్కటీ లెక్కపెట్టరు. ముందు వంద పిట్టలు లెక్కపెట్టి, ఆ వంద ఎంత జాగా ఆక్రమించాయో కళ్ళతో పట్టుకుని, అలాంటి జాగాలు గుంపులో ఎన్నున్నాయో కొలుస్తారు. మొదటి ఏడు తప్పులొస్తాయి. అదే మనిషి, అదే గట్టు మీద, అదే వేళకు పదేళ్ళు నిలబడితే ఆ తప్పు కూడా ఒకే తీరులో ఉంటుంది, తేడా మాత్రం కచ్చితంగా తెలుస్తుంది.

ఈ జనవరిలో కైకలూరు వెళ్ళే వీలుంటే సరే, లేకపోతే మీ ఊరి చెరువు గట్టయినా చాలు. ఒక నోటుబుక్కు, వీలైతే ఒక బైనాక్యులర్, పొద్దున్నే ఒక గంట. చూసిన పిట్ట పేరు తెలియకపోతే ఫొటో తీసి పెట్టుకుని తెలిసినవారిని అడగండి. నీరెంత ఉంది, గుర్రపుడెక్క ఎంత మేర కమ్మింది అన్నవీ పక్కన రాయండి. గంటసేపు కూర్చున్నా ఒక్క పిట్టా రాకపోతే విసుక్కుని ఆ కాగితం చింపేయకండి. తేదీ, వేళ వేసి, సున్నా అని రాసి పంపండి.